అమ్మానాన్నలకు కొంక్ చూపించాలి. ఆ ఊరి కథ ఎవరైనా చెబుతారా?

తెనాలి_టూలూజ్

అందరికీ నమస్కారం. మేం టూలూజ్‌లో ఉంటాం. సెప్టెంబర్ చివర్లో మా అమ్మానాన్న వస్తున్నారు. పారిస్ ప్రోగ్రాం అంతా ఫిక్స్ అయిపోయింది. కానీ నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "ఒక పాత పల్లె చూపించమ్మా. జనం ఇంకా కాపురాలు చేస్తున్న ఊరు అయ్యుండాలి." ఆయన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్. బోర్డు మీద రాసింది చదివి సరిపెట్టుకునే మనిషి కాదు. ఎందుకు, ఎవరు, ఎప్పుడు అని అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పాల్సింది నేను.

ఆఫీసులో ఒకావిడ కొంక్ వెళ్లమంది. అవెరోన్ జిల్లాలో కొండ మధ్యలో ఉన్న చిన్న ఊరు. నెట్‌లో చూస్తే అన్నీ పై నుంచి తీసిన ఫోటోలే, విషయం తక్కువ. నా సందేహాలు ఇవి. ఆ అడవిలో, మూడొందల మంది కూడా లేని ఊళ్లో అంత పెద్ద చర్చి ఎందుకు కట్టారు? అక్కడున్న బంగారు విగ్రహం దొంగతనంగా తెచ్చిందని ఒకచోట చదివాను, నిజమేనా? చర్చి కిటికీల్లో బొమ్మలూ రంగులూ ఏమీ ఉండవట, మరి చూడ్డానికి ఏముంటుంది? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారం. ఒక్క రోజులో అయ్యే పనేనా?

రొదెజ్_నివాసి

నమస్తే అండీ. మా ఇల్లు రొదెజ్‌లో, కొంక్‌కి నలభై కిలోమీటర్ల లోపే. ఎవరు చుట్టాలొచ్చినా అక్కడికి తీసుకెళ్తుంటాను. మీ నాన్నగారి లాంటి మనిషికి ఇంతకంటే మంచి ఊరు నేను చెప్పలేను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట దొంగతనం సంగతి. విగ్రహం దొంగతనంగా తెచ్చింది కాదు. దొంగిలించింది అందులో పెట్టిన ఎముకలని. 8వ శతాబ్దం చివర్లో దాదోన్ అనే సన్యాసి ఈ లోయలో తపస్సుకు కూర్చున్నాడు. ఆయన చుట్టూ కొందరు చేరారు, మఠం అయింది, షార్లమేన్ చక్రవర్తి కొడుకు లూయీ దానికి అండగా నిలిచాడు. అయితే ఆ రోజుల్లో మఠం బతకాలంటే జనం రావాలి, జనం రావాలంటే ఒక పెద్ద సెయింట్ అస్థికలు ఉండాలి. కొంక్‌కి అవి లేవు. దానికి తోడు దగ్గర్లోనే ఫిజాక్‌లో పోటీ మఠం మొదలైంది.

అక్కడికి పడమరగా చాలా దూరంలో అజెన్ పట్నం ఉంది. రోమన్ల కాలంలో, 303 ప్రాంతంలో, క్రైస్తవ మతం వదలనన్నందుకు చంపేసిన సెంట్ ఫ్వా అనే చిన్నపిల్ల సమాధి అక్కడ ఉండేది. పన్నెండేళ్ల పిల్ల అని చెబుతారు. కొంక్ నుంచి ఒక సన్యాసి వెళ్లి అజెన్ మఠంలో చేరాడు. దాదాపు పదేళ్లు అక్కడే ఉండి అందరి నమ్మకం సంపాదించాడు. ఆఖరికి సమాధికి కాపలా కూడా అతనికే అప్పజెప్పారు. ఒక రాత్రి సమాధి పగలగొట్టి అస్థికలు తీసుకుని కొంక్ చేరాడు. ఇది 866 ప్రాంతంలో జరిగిందంటారు. ఈ కథ మనకు చెప్పింది కొంక్ మఠం వాళ్లే. దాచిపెట్టలేదు సరికదా, ఆ పిల్లే మా దగ్గరికి రావాలనుకుంది కాబట్టే దొంగతనం సాగింది అని గర్వంగా రాసుకున్నారు. మీ నాన్నగారు ఇక్కడ తప్పకుండా ఆగి ఆలోచిస్తారు. మధ్యయుగాల్లో ఇలాంటి దొంగతనాలు యూరప్‌లో చాలా జరిగాయి, ఎన్నో ఊళ్ల సిరిసంపదలకు ఇవే పునాది.

ఆ తర్వాత విగ్రహం చేయించారు. ఎత్తు 85 సెంటీమీటర్లు. చెక్క మీద బంగారు రేకు తొడిగి సింహాసనం మీద కూర్చోబెట్టారు. తల మాత్రం ఇంకా పాతది, రోమన్ కాలం చివరి నాటి బంగారు ముఖాన్ని తెచ్చి అతికించారని పరిశోధకులు అంటారు. అందుకే అది పన్నెండేళ్ల పిల్ల ముఖంలా ఉండదు, పాత చక్రవర్తి ఎవరో ఎదురుగా కూర్చుని నిటారుగా చూస్తున్నట్టు ఉంటుంది. ఒంటి నిండా రాళ్లు, పాత రోమన్ చెక్కుడు రత్నాలు, కిరీటం, చెవులకు లోలాకులు. ఇవన్నీ ఒకేసారి పెట్టినవి కావు, శతాబ్దాల పాటు మొక్కులు తీరినవాళ్లు ఒక్కొక్కటిగా ఇచ్చినవి.

మీ అమ్మగారికి ఈ కథ చెప్పండి. టూలూజ్ కౌంట్ భార్య ఆర్సిండ్‌కి మంచి బంగారు కంకణాలు ఉండేవి. ఒక రాత్రి సెంట్ ఫ్వా కలలో కనపడి అవి నాకివ్వు అందట. "కొడుకునిస్తే ఇస్తాను" అని ఆవిడ బేరం పెట్టింది. కొడుకు పుట్టాడు, కంకణాలు కొంక్ చేరాయి. తిరుపతిలో నిలువుదోపిడీ ఇచ్చే మనవాళ్లకి ఈ విగ్రహం ముందు ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. నేను తీసుకెళ్లిన పెద్దవాళ్లంతా అక్కడ చేతులు జోడించారు, గైడ్ ఏదో చెబుతున్నా వినిపించుకోలేదు.

ఈ కథలు మనకు తెలియడానికి కారణం ఆంజే పట్నంలో బడి నడిపిన బెర్నార్ అనే పండితుడు. 1013లో ఇటు వచ్చాడు. దారిలో ఆరియాక్‌లో సెయింట్ జెరాల్డ్ బంగారు విగ్రహం చూసి, తోటివాడితో లాటిన్‌లో "జూపిటర్‌కో మార్స్‌కో సరిపోయే విగ్రహంలా లేదూ" అని, పాత రోమన్ దేవుళ్లతో పోల్చి వెటకారం చేశాడు. కొంక్ వచ్చాక సెంట్ ఫ్వాని కూడా అలాగే చిన్నచూపు చూశాడు. సెయింట్‌ని ఇలా బొమ్మ చేసి మొక్కడం ఉత్తరాది క్రైస్తవులకి అప్పట్లో మింగుడుపడని విషయం. తర్వాత ఇక్కడి జనం భక్తి చూసి, వాళ్లు చెప్పినవి విని మనసు మార్చుకున్నాడు. మళ్లీ మళ్లీ వచ్చి ఆమె మహిమలన్నీ పుస్తకంగా రాశాడు. ఆ విగ్రహాన్ని పంట పొలాల గొడవలప్పుడు, కరువులప్పుడు ఊరేగింపుగా మోసుకెళ్లేవారు.

పెద్ద చర్చి ఎందుకంటారా? ఈ జనం కోసమే. స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచే యాత్రికులకు కొంక్ ఒక మజిలీ అయింది. 11వ శతాబ్దం మధ్యలో ఇప్పటి చర్చి మొదలుపెట్టి 12వ శతాబ్దంలోకి కట్టుకుంటూ వచ్చారు. కొండని తొలిచి చోటు చేశారు. పొడుగు 56 మీటర్లే కానీ లోపల ఎత్తు 22 మీటర్ల దాకా ఉంటుంది, అందుకే అడుగుపెట్టగానే తల పైకి లేస్తుంది. గర్భగుడి లాంటి భాగం చుట్టూ జనం తిరిగి రావడానికి దారి ఉంది. పూజలు ఆగకుండానే యాత్రికులు అస్థికల పక్కనుంచి వరసగా వెళ్లిపోయేవారు. ఆ దారిలో ఇనప గ్రిల్స్ చూడండి. సెంట్ ఫ్వా ఖైదీల్ని విడిపిస్తుందని పేరు. బయటపడ్డవాళ్లు తమ సంకెళ్లు తెచ్చి ఇచ్చేవారట, వాటిని కరిగించి ఈ గ్రిల్స్ చేశారని చెబుతారు.

ఇక పడమటి గుమ్మం మీది శిల్పం. దీనికి కనీసం గంట పెట్టుకోండి. 12వ శతాబ్దం మొదటి సగంలోది, అంతిమ తీర్పు దృశ్యం, 124 బొమ్మలు. రంగులు అక్కడక్కడా ఇంకా మిగిలున్నాయి. మధ్యలో క్రీస్తు, ఆయన కుడి పక్క స్వర్గం, ఎడమ పక్క నరకం. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, చిన్నవాటిలోనే అందం అంతా ఉంది. క్రీస్తు పాదాల కింద తక్కెడ ఉంటుంది. మైకేల్ దేవదూత ఒక పక్క, సైతాను ఒక పక్క. సైతాను వేలు తన పళ్లెం మీద నొక్కుతూ ఉంటుంది, అయినా తక్కెడ అటు మొగ్గదు. నరకంలో పిసినారి మెడలో డబ్బు సంచితో ఉరికి వేలాడుతుంటాడు. గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న యోధుడు, దొంగ నాణేలు కొట్టేవాడు, చెడ్డ మఠాధిపతులు వలలో చిక్కి ఉన్నారు, పదవికి గుర్తుగా పట్టుకునే చేతి కర్ర కూడా వదల్లేదు. దొంగ వేటగాణ్ణి కుందేలు నిప్పుల మీద కాలుస్తుంటుంది. స్వర్గం వైపు షార్లమేన్ ఉన్నాడు. చక్రవర్తే అయినా మఠాధిపతి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే తప్ప అడుగు వేయలేని ముసలాయనలా చెక్కారు. మా మఠానికి చేసిన దానమే ఆయన్ని గట్టెక్కించింది అని చూసేవాళ్లకు చెప్పడమే అది.

సెంట్ ఫ్వా కూడా ఉంది, ఒక మూల. సాష్టాంగపడి ఉంటే దేవుడి చెయ్యి మేఘంలోంచి ఆమె తల వైపు చాచి ఉంటుంది. వెనక దూలానికి సంకెళ్లు వేలాడుతుంటాయి. అన్నిటికంటే బయటి కమాను అంచు చూడటం మర్చిపోకండి. చుట్టిన గుడ్డ అంచులాంటి రాతి మడత వెనక నుంచి చిన్న చిన్న ముఖాలు తొంగి చూస్తుంటాయి. ముక్కు, కళ్లు, అంచుని పట్టుకున్న వేళ్లు మాత్రమే కనిపిస్తాయి.

నాకు ఈ ఊరి మీద ఇంత ప్రేమ ఉండటానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. ఫ్రెంచ్ విప్లవంలో చర్చిల బంగారం వెండి జప్తు చేసి కరిగించి నాణేలు కొట్టారు. దేశమంతా ఇలాంటి సొత్తు అలాగే పోయింది. కొంక్ జనం తమ చర్చి వస్తువుల్ని పంచుకుని ఇళ్లల్లో, తోటల్లో దాచేశారు. వాళ్లేమీ కలిగినవాళ్లు కాదు. చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టుకుని ఏడాదంతా తినే కొండ ఊరు. ఒక్క రత్నం అమ్ముకున్నా ఆ కుటుంబం బాగుపడేది. గొడవ సద్దుమణిగాక వస్తువులు తెచ్చి చర్చికి అప్పజెప్పారు. ఈ రోజు మ్యూజియంలో మీరు చూసే విగ్రహం, 'షార్లమేన్ A' అని పిలిచే, A అక్షరం ఆకారంలో ఉన్న వస్తువు, బెగోన్ మఠాధిపతి చేయించిన దీపం ఆకారపు పేటిక, అన్నీ అలా మిగిలినవే.

అదే జనం క్లాయిస్టర్ విషయంలో అంత జాగ్రత్త పడలేదు. బెగోన్ 1100 ప్రాంతంలో కట్టించిన ఆ స్తంభాల వసారా పాడుబడితే రాళ్లు పీక్కెళ్లి ఇళ్లకి వాడుకున్నారు. ఇప్పుడు కొన్ని కమానులే మిగిలాయి. నేను వాళ్లని తప్పుపట్టను. చర్చి పైకప్పు వాన ఆపలేని స్థితిలో ఉన్న రోజులవి. 1837లో ప్రభుత్వం తరఫున పాత కట్టడాల ఇన్‌స్పెక్టర్ ప్రోస్పెర్ మెరిమే వచ్చాడు. ఇంత మారుమూల ఇంత సంపద ఉంటుందని అసలు ఊహించలేదని రాశాడు. ఆయన రిపోర్టు వల్లే మరమ్మతులకు దారి దొరికింది. 1873లో ప్రెమాంత్రే అనే క్రైస్తవ సంఘం సన్యాసులు వచ్చి చర్చి బాధ్యత తీసుకున్నారు, ఇప్పటికీ వాళ్లే ఉన్నారు. 1875లో గోడలో పాతిపెట్టిన పెట్టెలో అస్థికలు దొరికాయి.

మీ నాన్నగారు "ఇదంతా ఎవరు కాపాడారు?" అని అడిగితే, నేనైతే మొదటి పేరు ఆ ఊరి జనానిదే చెబుతాను, మెరిమే పేరు ఆ తర్వాతే.

కాలినడక_కమల

పైన రాసినదానికి నేను కలపాల్సింది కొంచెమే. నేను సాంతియాగో యాత్రికుల దారిలో ల్ పుయి పట్నం నుంచి కొంక్ దాకా నడిచాను, రెండొందల కిలోమీటర్ల దారి. ఓబ్రాక్ పీఠభూమి గాలి, ఆవుల మంద గంటలు దాటి వచ్చాక చివర్లో దారి ఒక్కసారిగా అడవిలోకి దిగుతుంది. ఊరు కనపడేసరికి మీరు దాని కప్పుల మీద ఉంటారు. పెంకులు కావవి, పలుచని రాతి పలకలు. కొండ నుంచి తీసిన రాయే గోడలకీ వాడారు.

రాత్రి ఉండగలిగితే ఉండండి అని గట్టిగా చెబుతాను. పగటి బస్సులు వెళ్లిపోయాక ఊరు వేరు. సాయంత్రం ప్రార్థన తర్వాత యాత్రికుల్ని ఆశీర్వదిస్తారు. సీజన్‌లో రాత్రిపూట గుమ్మం శిల్పం గురించి సన్యాసే స్వయంగా నిలబడి చెబుతారు, ఆ తర్వాత ఆర్గన్ వాయిస్తుంటే చర్చి పై అంతస్తు వసారాల్లో తిరగనిస్తారు. చెక్కిన స్తంభాల తలలు అక్కడ ముఖానికి ముఖం కనిపిస్తాయి. నేను మతం పాటించే మనిషిని కాను. అయినా ఆ ఆశీర్వాదం అందుకుంటున్నప్పుడు ఏడ్చాను.

పొద్దున్నే యాత్రికులు షార్లమేన్ వీధి గుండా కిందికి దిగి దూర్దూ నది మీద పాత వంతెన దాటి వెళ్తారు. చర్చితో పాటు ఆ వంతెన కూడా 1998 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ వీధి బాగా నిటారు, పైగా గులకరాళ్లు. మీ అమ్మగారు దిగవద్దు, కారులో వంతెన దగ్గరికి వెళ్లొచ్చు.

గుంటూరు_లియాన్

నేను వేరేగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. శిల్పం అద్భుతం, విగ్రహం అద్భుతం. కానీ కిటికీలు నాకు అస్సలు నచ్చలేదు. షార్త్ర్ చర్చిలో నీలం, ఎరుపు అద్దాలు చూసి వచ్చినవాడికి ఇవి బాత్రూం అద్దాల్లా అనిపిస్తాయి. వెయ్యేళ్ల చర్చిలో మోడర్న్ ఆర్ట్ ఎందుకు? ఊళ్లో కూడా అప్పట్లో చాలామంది వద్దన్నారని విన్నాను. తెనాలి గారూ, వాటికోసం ప్రత్యేకంగా టైం పెట్టుకోకండి.

రొదెజ్_నివాసి

గుంటూరు గారూ, ఊళ్లో వ్యతిరేకత వచ్చిన మాట నిజమే. అంతకుముందున్న రంగు బొమ్మల అద్దాలకి అలవాటుపడ్డ జనం, నొచ్చుకోరా? అయితే అవి కూడా ప్రాచీనమైనవేం కాదు, 20వ శతాబ్దంలో పెట్టినవే. మధ్యయుగాల నాటివి తీసి కొత్తవి పెట్టారనే బాధ ఇక్కడ లేదు.

ఈ కిటికీలు చేసిన చిత్రకారుడు పియెర్ సూలాజ్ రొదెజ్‌లో పుట్టాడు, 1919లో. బడిపిల్లాడిగా కొంక్ చర్చిలో నిలబడ్డప్పుడే చిత్రకారుణ్ణి అవ్వాలని అనుకున్నానని చెప్పుకున్న మనిషి. జీవితమంతా నల్లరంగుతో, దాని మీద పడే వెలుతురుతో పనిచేశాడు. 1986లో ఈ పని ఒప్పుకుని 1994కి పూర్తి చేశాడు, 104 కిటికీలు. మామూలు గాజులో తనకు కావలసిన వెలుతురు రావడం లేదని కొత్త గాజే తయారు చేయించాడు. రంగు వేయలేదు. గాజులోని రేణువులు ఒకచోట దట్టంగా, ఇంకోచోట పలుచగా ఉంటాయి, దాంతో వెలుతురు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది. బయట కొండ కనపడదు, చెట్టు కనపడదు, వెలుతురు మాత్రమే లోపలికి వస్తుంది. గాజు ముక్కల్ని కలిపే సీసపు గీతలు కూడా ఏటవాలుగా, కాస్త వంపుగా పోతాయి.

వీటిని పది నిమిషాలు చూసి తీర్పు చెప్పడం కష్టం. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. పొద్దున్న నీలి ఛాయ ఉన్న గాజు సాయంత్రానికి వెచ్చబడుతుంది. అప్పుడు చర్చి రాళ్ల అసలు రంగులు, పసుపు, గులాబీ, బూడిద నీలం, విడివిడిగా తేలతాయి. షార్త్ర్‌లో చూపు కిటికీ మీద నిలుస్తుంది. ఇక్కడ రాతి మీద నిలవాలని ఆయన ఉద్దేశం, అది నెరవేరిందనే నా అభిప్రాయం. 2014 నుంచి రొదెజ్‌లో ఆయన పేరున మ్యూజియం ఉంది. కొంక్ కిటికీల కోసం గీసిన కొలత డ్రాయింగులు అక్కడ ఉన్నాయి. అవి ముందు చూసి వెళ్తే ఇంకా బాగుంటుంది.

తెనాలి_టూలూజ్

ఇంత వివరంగా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. థ్రెడ్ మొత్తం నాన్నకి వాట్సాప్‌లో పంపాను. గంటలో ఫోన్ వచ్చింది, బెర్నార్ గురించి ఇంకేం దొరుకుతుందని! అమ్మకి మాత్రం ఆర్సిండ్ కంకణాల కథే నచ్చింది. రాత్రి ఉండేలా ప్లాన్ మారుస్తున్నాం. భోజనం సంగతి, కారు ఎక్కడ పెట్టాలి అన్నది చెప్పండి. అమ్మ ఎంతవరకు నడవాల్సి వస్తుంది?

రొదెజ్_నివాసి

కారు ఊరి బయట పార్కింగ్‌లోనే. అక్కడి నుంచి చర్చి దాకా నెమ్మదిగా నడిస్తే మీ అమ్మగారు రాగలరు, మధ్యమధ్యలో కూర్చోడానికి అరుగులు ఉంటాయి. మ్యూజియం పక్కనే. పై వీధుల్లోకి మీరూ నాన్నగారూ వెళ్లండి, ఆవిడ చర్చి ముందు కూర్చుంటే ఆ శిల్పమే బోలెడు కాలక్షేపం. ఊరంతా ఒక్కచోట నుంచి కనపడాలంటే లోయకి అవతలి వైపు బాంకరెల్ అనే చోటికి వెళ్లండి, దూర్దూ నదికి అడ్డంగా చూస్తే చర్చి, కప్పులు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

భోజనానికి అలిగో దొరుకుతుంది. ఉడికిన బంగాళదుంప ముద్దలో తాజా జున్ను (చీజ్) వేసి సాగేదాకా తిప్పుతారు. కాస్త వెల్లుల్లి ఉంటుంది. దానితో సాసేజ్ ఇస్తారు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని చెప్పండి. ఈ చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, అమ్మగారికి పట్టింపు ఉంటే ముందే చెప్పడం మంచిది. ఫువాస్ అనే తీపి రొట్టె కూడా దొరుకుతుంది. నారింజ పువ్వు వాసన వస్తుంటుంది, గుడ్లు పడతాయి కాబట్టి అది కూడా అడిగి తీసుకోండి. రెండు రోజులకి పెరుగన్నం, పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తే టెన్షన్ ఉండదు.

ఇంకొక్క మాట. అక్టోబర్ 6 సెంట్ ఫ్వా పండుగ, ఆ దగ్గర్లో వచ్చే ఆదివారం ఊరేగింపు చేస్తారు. వాళ్ల తిరుగు టికెట్ ఎప్పటికి?

తెనాలి_టూలూజ్

అక్టోబర్ 14కి. అయితే సెప్టెంబర్ ప్లాన్ రద్దు, ఆ ఆదివారమే వెళ్తాం. ఊరేగింపు తేదీ కనుక్కుని రూమ్ ఈ రాత్రికే బుక్ చేస్తాను.